కిటికీ కింద దూలగొండి

ఓడ వంటగదిలో పొగ మింగుతూ పదిమంది ఆకలి తీరుస్తున్న చిరంజీవి తమ్ముడికి, ఒడ్డున కూర్చుని కోపంతో కుతకుతలాడుతున్న అక్క దీవించి రాసేది.

ఇక్కడ నాన్న, నేను, మీ బావ క్షేమం. క్షేమం అంటే ఎవరికీ జ్వరం లేదు, ఎవరి కాలూ విరగలేదు. ఈ వారానికి ఆ మాటకి అంతకంటే ఎక్కువ అర్థం ఇవ్వలేను. నీకు సముద్రం అలవాటైందనీ, కడుపులో తిప్పడం తగ్గిందనీ అనుకుంటున్నాను.

రేవు నుంచి నువ్వు వేసిన ఉత్తరం అందింది. అడిగినవాటికి ముందు జవాబులు రాసేస్తాను, లేకపోతే కోపంలో మర్చిపోతాను. నీ సైకిలు మెట్ల కిందే ఉంది. వెనక చక్రంలో గాలి లేదు, మీ బావ రోజూ రేపు కొట్టిస్తానంటున్నారు. ఆయన గురక తగ్గిందా అని అడిగావు. పెరిగింది. పంపుహౌసులో మోటార్ల మధ్య పనిచేసి వచ్చిన మనిషికి నిశ్శబ్దంలో నిద్ర పట్టదు కాబోలు, తానే ఓ మోటారు వేసుకుంటారు. నా ఉద్యోగం బస్టాండులో అదే కుర్చీ, అదే మైకు. "ప్రయాణికులకు గమనిక అని రోజంతా అరిచేది చాలక ఇంటికొచ్చి నాన్న మీద కూడా అరుస్తావటగా" అని వెక్కిరించావు. ఆ వెక్కిరింత సంగతి చివర్లో చూద్దాం.

ఇక నీ ఉత్తరంలో ఆఖరి ముక్క. "ఒక పిచ్చి తీగ కోసం మీ అపార్టుమెంటు సెక్రటరీతో గొడవెందుకక్కా, పీకి పారేస్తే పోయేదానికి" అన్నావు. అది చదివి ఒంటికాలి మీద లేచాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ. నడిసముద్రంలో కూర్చుని పీకి పారెయ్యమనడం ఎంతసేపు?

నువ్వు ఈ ఫ్లాటుకి వచ్చింది ఒక్కసారే కాబట్టి వెనకవైపు చూసుండవు. మన వంటింటి కిటికీలోంచి కిందికి చూస్తే సన్నటి సందు, చెత్తడబ్బాలు, అవతల ప్రహరీ గోడ. ఆ గోడ మూల, వాననీళ్ళ గొట్టం పక్కన, పోయినేడు వానలకి ఓ తీగ మొలిచింది. ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్ళు పోయలేదు. గోడ మరమ్మతుకి తెచ్చిన మట్టిలో వచ్చుంటుంది. గొట్టం పట్టుకుని గోడెక్కి, గుత్తులు గుత్తులుగా వంకాయరంగు పూలు వేలాడేసింది. కింది వాళ్ళు దాని ముందు నిలబడి ఫోటోలు కూడా దిగారు. అప్పుడు ఎవరికీ అది పిచ్చి తీగ కాదు. నాన్న మాత్రం కిటికీలోంచి ఓసారి చూసి, "దూలగొండి" అన్నాడు. "పూలున్నంత వరకే దీని మర్యాద. కాయ ఎండాక జోలికెళితే తెలుస్తుంది."

నాన్న చెయ్యి ఎలా ఉందని నువ్వు అడిగినదానికీ ఈ తీగకీ సంబంధం ఉంది, అందుకే ఇంత చెబుతున్నాను. నువ్వు వెళ్ళేనాటికి ఆ వణుకు మొదట్లో ఉంది. తర్వాత ముదిరింది. ఊళ్ళో సగం దుకాణాలకి పేర్లు రాసిన చెయ్యి, గ్లాసు ఎత్తితే నీళ్ళు చొక్కా మీద పడేవి. ఓ పొద్దున తలుపు తాళం తీయలేక అవస్థ పడుతుంటే సెక్రటరీ పక్కనుంచి పోతూ, "పెద్దాయనా, పొద్దున్నే మొదలెట్టారా?" అని నవ్వాడట. జన్మలో చుక్క ముట్టని మనిషిని అలా అన్నాడు. ఆ మాట నాన్న నాకు చెప్పలేదు, పక్కింటావిడ చెప్పింది. అప్పటినుంచే ఆ మనిషంటే నాకు ఒళ్ళు మంట.

పెద్దాసుపత్రి డాక్టరు ఇది నరాల జబ్బని బిళ్ళలిచ్చాడు. నాన్న పట్టుబట్టి ఆయుర్వేద వైద్యుడి దగ్గరికీ వెళ్ళాడు. ఆయన దూలగొండి గింజల పొడి చెప్పాడు. ఒకరు ఇచ్చేది ఇంకొకరికి చెప్పే వాడుతున్నాం, నువ్వు కంగారు పడకు. బజారు పొడి తెస్తే నాన్న నాలిక మీద వేసుకుని, "ఇందులో గింజకంటే రంపంపొట్టు ఎక్కువుంది" అని ఉమ్మేశాడు. ఆయన సంగతి నీకు తెలుసుగా, తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. అందుకని పోయినేడు మన గోడ మీది కాయలే కోశాం. కోయడానికి ఓ పద్ధతుంది. ఎండిన కాయ మీద బంగారు రంగు నూగుంటుంది, చూస్తే పట్టుబట్టలా నిమరాలనిపిస్తుంది. పొడిగా ఉన్నప్పుడు కదిపావో, ఆ నూగు గాలిలో లేచి ఒంట్లో దిగుతుంది. తెల్లవారుజామున మంచుకి తడిసి ఉండగా, చేతులకి నూనె రాసుకుని, కోసిన కాయని కోసినట్టే నీళ్ళ బకెట్లో వేయాలి. పాత రెయిన్‌కోటు వేసుకుని నేను కోస్తే నాన్న కిందనుంచి బకెట్టు పట్టుకున్నాడు. ఒక్కరికి ఒక్క దురద రాలేదు. తర్వాత గింజల్ని పాలలో ఉడకబెట్టి, పొట్టు వలిచి, ఆరబెట్టి దంచాం. నా మంచి గిన్నె ఒకటి మాడిపోయింది, అది వేరే ఏడుపు.

ఆ పొడి వల్లో, బిళ్ళల వల్లో, నమ్మకం వల్లో నాకు తెలియదు. బోర్డులు రాసేవాడి చెయ్యి సున్నాలో తెలుస్తుందంటాడు నాన్న. రోజూ పాత పేపరు మీద కుంచెతో సున్నాలు చుట్టేవాడు. మొదట్లో అవి లారీ కింద పడ్డ డబ్బాల్లా ఉండేవి. ఎండలు ముదిరేసరికి గుండ్రంగా వచ్చాయి. మూలమీది సెలూన్ ఆయన వచ్చి, నాకు ఆ ప్లాస్టిక్ బోర్డు వద్దు, నీ చేతి రాతే కావాలన్నాడు. నాన్న ఆ బోర్డు రాశాడు తమ్ముడూ. రాసి, ఎదురు ఫుట్‌పాత్ మీద నిలబడి, తాళం వేసి ఉన్న దుకాణం పేరు పదిసార్లు చదువుకున్నాడు. నువ్వు పీకి పారెయ్యమన్న తీగ అది.

ఈ ఏడు పొడి అయిపోవచ్చింది, కాయలు మళ్ళీ ఎండుతున్నాయి. సెక్రటరీ లిఫ్టులో నోటీసు అంటించాడు: అపార్టుమెంటు ఆవరణలో అడవి మొక్కలు ఉండరాదు. నాన్న తానే మీటింగుకి వెళ్ళి నెమ్మదిగా చెప్పాడు. "ఈ వారం పది రోజులు ఓపిక పట్టండి. కాయ పూర్తిగా ఎండగానే తడి మీద కోసుకుంటాను. తీగ కూడా నేనే మొదలంటా తీయిస్తాను. ఈలోగా ఎవర్నీ ముట్టుకోనివ్వకండి, చెడ్డ దురద." అందరి ముందూ సెక్రటరీ సరేనన్నాడు. అనడమే కాదు, నాన్న వణికే చెయ్యి పట్టుకుని ఊపి మరీ మాటిచ్చాడు.

ఆ మాట ఎన్నాళ్ళు నిలిచిందనుకున్నావు? పై అంతస్తు ఫ్లాటు కొనడానికి ఎవరో చూడ్డానికి వస్తున్నారట, వెనక సందు శుభ్రంగా కనపడాలట. అంతే, మిట్టమధ్యాహ్నం, ఎండ పేలిపోతుండగా, గాలి వీస్తుండగా, తోటమాలి చేతికి కర్ర ఇచ్చి కొట్టించేశాడు. ఈ తోటమాలి కొత్తగా వచ్చాడు. పెద్దవయసు మనిషి, నోట్లో నాలుక లేదు. అడిగినదానికి తలూపడమే గానీ మాట్లాడడని అందరూ మౌనస్వామి అంటారు. కుండీలు, పచ్చిక, కత్తిరించే కంచెలు తెలిసినవాడే గానీ ఈ అడవి తీగ ఎరగడు. నాకు ఆ రోజు సెలవు, వంటింట్లో అంట్లు తోముకుంటున్నాను. చప్పుడు విని కిటికీ దగ్గరికి వెళ్ళేసరికి అంతా అయిపోయింది.

తర్వాత జరిగింది చెబితే నువ్వు నవ్వుతావు. నేనూ నవ్వాను. సందు మొదట్లో ఇస్త్రీ చొక్కాతో, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని నిలబడి సెక్రటరీ పని చేయిస్తున్నాడు. కింది వసారాలో దండెం మీద ఆయన తెల్లచొక్కాలు వరసగా ఆరుతున్నాయి. నూగు సందులోంచి లేచి తిన్నగా ఆ చొక్కాల మీదికే పోయింది. సాయంత్రానికి ఆయన గోడకి వీపు రుద్దుకుంటున్నాడు. మర్నాడు ఆఫీసుకి ఉతికిన చొక్కా వేసుకెళ్ళి సగం దారిలో ఆటో ఆపించి దిగిపోయాడట. బాగా దూల తీరిందని పక్కింటావిడా నేనూ పొట్ట పట్టుకుని నవ్వాం. ఇంకో రెండిళ్ళలో దుప్పట్లు కూడా పాడయ్యాయి, వాళ్ళు నన్ను తిట్టారు, పడ్డాను.

కానీ అసలు దెబ్బ తగిలింది మౌనస్వామికి. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు. తలమీద, మెడమీద, చొక్కాలోపల, కళ్ళలో, అంతా అదే నూగు. గోక్కున్నకొద్దీ ఇంకా లోపలికి దిగుతుంది. మెట్ల కింద, నీ సైకిలు పక్కన, చేతులు రెండూ చంకల్లో బిగించుకుని కూర్చుని ఊగుతున్నాడు. అరవడం లేదు. నాన్న గబగబా దిగి, ముందు కళ్ళలో నీళ్ళు పోయించి, "పిండి కలిపి తే, గట్టిగా" అని నన్ను కేకేశాడు. ఆ ముద్దతో అతని ఒళ్ళంతా అద్ది అద్ది నూగు పైకి లాగాడు, తర్వాత నూనె రాశాడు. చెయ్యి వణుకుతూనే ఉంది, అద్దుతూనే ఉన్నాడు. కళ్ళు వాచిపోతే మీ బావ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. చూపుకేం ప్రమాదం లేదన్నారు. కొన్నాళ్ళు పనికి వెళ్ళొద్దన్నారు.

ఇప్పుడు చెప్పు, తప్పెవరిది? మాటిచ్చి తప్పినవాడిదా, మాట తీసుకున్నవాడిదా? సెక్రటరీ మళ్ళీ మీటింగు పెట్టాడు. గోక్కుంటూనే నిలబడి, ప్రమాదకరమైన మొక్కని పెంచి అందరికీ హాని చేసినందుకు రెండో అంతస్తు పెద్దాయన క్షమాపణ చెప్పాలన్నాడు. నేను ఆ మీటింగు కోసం రెండు రోజులు మాటలు నూరుకున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ గొంతు పెంచాలో అన్నీ సిద్ధం. నేను లేచేలోపల నాన్న లేచాడు. "బోర్డులు రాసేవాణ్ణి. ఆ గోడ మీద ఓ హెచ్చరిక బోర్డు రాసి పెట్టలేదు. తప్పు మా ఇంటిదే. క్షమించండి" అన్నాడు. అని కూర్చున్నాడు. సెక్రటరీ మొహం వెలిగిపోయింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నూరుకున్న మాటలన్నీ గొంతులోనే ఉండిపోయాయి.

అదొక్కటే కాదు. ఆ రోజునుంచి నాన్న పొడి మానేశాడు. డబ్బాలో అడుగున ఇంకా ఉంది. రాలిన కాయలు నీళ్ళు చల్లి నేనే ఏరి గింజలు తీశాను, ఏడాదికి సరిపోతాయి. పాలలో కలిపి ఇస్తే గ్లాసు పక్కకి జరిపేస్తాడు. "ఒకడి ఒళ్ళు మండించి తెచ్చిన మందు నాకు పట్టదు" అంటాడు. బిళ్ళలు వేసుకుంటున్నాడు, అదొక్కటే నయం. సున్నాలు మళ్ళీ డబ్బాల్లా అవుతున్నాయి. పొద్దున పేపరు చూసి, చుట్టి, చెత్తలో వేస్తాడు. నేను అరిచాను. నువ్వేం చేశావు, నువ్వెందుకు శిక్ష వేసుకోవాలి అని బస్టాండుకి వినపడేలా అరిచాను. ఆయన విన్నాడు.

తమ్ముడూ, ఇందాక నీకు ఒక అబద్ధం రాశాను. చప్పుడు విని కిటికీ దగ్గరికి వెళ్ళేసరికి అంతా అయిపోయిందని రాశాను. కాలేదు. మొదలే కాలేదు.

నేను ముందునుంచీ కిటికీ దగ్గరే ఉన్నాను. మౌనస్వామి కర్రతో సందులోకి రావడం చూశాను. అతను తీగ ముందు ఆగాడు. పైనుంచి కిందిదాకా చూశాడు. కాయని ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తోటపని చేసినవాడు కదా, ఏదో తేడాగా అనిపించుంటుంది. తలెత్తి నావైపు చూశాడు. నేను ఒక్క కేక వేస్తే చాలు. "ముట్టుకోకు" అన్న నాలుగక్షరాలు. రోజంతా ముక్కూ మొహం తెలియనివాళ్ళకి ఏ బస్సు ఎక్కాలో, ఏ బస్సు ఎక్కకూడదో గొంతు చించుకుని చెప్పేదాన్ని. అప్పుడు నోరు పెగల్లేదు. పెగలకపోవడం కాదు, పెగలనివ్వలేదు. సందు మొదట్లో ఇస్త్రీ చొక్కాతో సెక్రటరీ కనిపిస్తున్నాడు. కొట్టించు, కొట్టించు, గాలి నీవైపే ఉందిలే అనుకున్నాను. అనుకుని, మన ఇంట్లోకి నూగు రాకుండా కిటికీ మూశాను. అంటే ఏం జరగబోతోందో నాకు పూర్తిగా తెలుసు. గాలి ఎటు వీస్తోందో చూసుకున్నాను గానీ కర్ర ఎవరి చేతిలో ఉందో చూసుకోలేదు.

మెట్ల కింద నేను పిండి ముద్ద అందిస్తుంటే మౌనస్వామి మాట్లాడాడు. అతని గొంతు వినడం నాకు అదే మొదటిసారి. కళ్ళు తెరవలేకపోతున్నాడు, నా గాజుల చప్పుడుని బట్టి నావైపు తిరిగాడు. "మీరు కిటికీ మూసినప్పుడే అనుకున్నానమ్మా, ఏదో ఉందని. కొత్తగా పనిలో చేరాను కదా, కొట్టనంటే ఏమంటారో అని కొట్టాను" అన్నాడు. కోపంగా అని ఉంటే ఎదురు చెప్పేదాన్ని. ఎవరో పొద్దున వాన పడిందా అని అడిగితే చెప్పినట్టు చెప్పాడు. నాన్న నావైపు చూడలేదు. ముద్దని మడిచి, శుభ్రంగా ఉన్న వైపు తిప్పి, మళ్ళీ అద్దడం మొదలుపెట్టాడు.

మీటింగులో తప్పు మా ఇంటిదే అని నాన్న ఎందుకన్నాడో ఇప్పుడు నీకు అర్థమై ఉంటుంది. నాకు అప్పుడే అర్థమైంది. అయినా కూర్చునే ఉన్నాను. సెక్రటరీ నాన్నకి నీతులు చెబుతుంటే వింటూ, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటూ కూర్చున్నాను. అది రెండోసారి నోరు మూసుకోవడం. ఇంటికొచ్చి నాన్న మీద అరిచింది ఆ తర్వాతే. ఎవరి మీద కోపం ఎవరి మీద చూపిస్తున్నానో తెలిసి కూడా అరిచాను.

నిన్న నాన్న మంచం కింద నుంచి ఓ రేకు తీసి, తెల్లరంగు వేసి, ఈ మధ్యాహ్నం రాయడానికి కూర్చున్నాడు. చెయ్యి ఆనించుకునే కర్ర పెట్టుకున్నా అక్షరాలు వణికాయి. నేను పట్టుకుంటానంటే మోచేత్తో తోసేశాడు. రాసింది ఇది: "ఈ గోడ మీద దూలగొండి మళ్ళీ మొలుస్తుంది. ఎండలో, గాలిలో ముట్టుకోవద్దు. మంచుతడిలోనే కోయాలి. తెలిసినవాళ్ళు తెలియనివాళ్ళకి చెప్పాలి." దాని కింద కుడివైపున "ఇట్లు" అని రాసి, కామా పెట్టి, ఆపేశాడు. కుంచె కిరసనాయిలులో ముంచి తుడిచి నా చేతికిచ్చాడు.

"కింద పేరు?" అన్నాను.

"అది నేను రాసేది కాదు."

"సెక్రటరీ మాట తప్పాడు నాన్నా. అది ఎవరూ అనరేం?"

"తప్పాడు. వెళ్ళి అడుగు, నేనూ వస్తా. కానీ ఆయన తప్పు కింద నీది దాచకు."

"నేను రాస్తే అపార్టుమెంటంతా చదువుతుంది."

"చదవడానికే కదా బోర్డు" అని లేచి, నడుం నిమురుకుంటూ వెళ్ళిపోయాడు. గుమ్మం దగ్గర ఆగి, "అది గోడకెక్కాక పాలు కాచు" అన్నాడు.

చూశావా ఆయన మొండితనం. కన్నకూతురికి పరీక్ష పెట్టి, పైగా మందుతో ముడిపెట్టాడు. చాలాసేపు ఆ రేకు ముందు కూర్చుని నాన్నని తిట్టుకున్నాను, సెక్రటరీని తిట్టుకున్నాను, పిచ్చి తీగ అన్నందుకు నిన్నూ తిట్టుకున్నాను. ఎవర్ని తిట్టినా ఆ కామా పక్కన చోటు అలాగే ఉంది. చివరికి రాశాను. "రెండో అంతస్తు కిటికీ మూసిన మనిషి" అని రాశాను. ఎవరో అందరికీ తెలుసు.

సెక్రటరీని వదిలేశానని మాత్రం అనుకోకు. వచ్చే మీటింగులో మాటిచ్చిన సంగతి అడుగుతాను, ఈసారి మైకు లేకుండానే వీధి చివరికి వినపడుతుంది. కానీ దానికంటే ముందు రేపు పొద్దున మౌనస్వామి పనికి వస్తున్నాడు. ఆయన గేటు తీసేసరికి నేను గోడ దగ్గర ఉండాలి. బోర్డు చదివి ఏమంటాడో, ఏమీ అనడో తెలియదు. ఏమీ అనకపోతే ఎలా నిలబడాలన్నదే నా భయమంతా. నువ్వు మాత్రం "పోనీలే అక్కా" అని రాయకు. ఆ మాట నువ్వు బాగా రాస్తావు, నాకు ఇప్పుడది వద్దు.

రేకు కిటికీ కింద ఆరుతోంది. కిటికీ తెరిచే ఉంచాను. ఇందాక దగ్గరికెళ్ళి పరీక్షగా చూశాను. నాన్న రాసిన "ఎండ"లో సున్నా కొంచెం నలిగింది. నేను రాసిన "అంతస్తు"లో సున్నా అంతకంటే వంకరగా వచ్చింది. నా చేతికి ఏ జబ్బూ లేదు.

ఇట్లు,
రెండో అంతస్తు కిటికీ మూసిన
నీ అక్క